అర్జెంటీనాలో బూడిద గుమ్మడికాయ

చీర కొనడానికి ఎవరు గడప తొక్కినా గంగాదేవి ముందు చెంబుతో నీళ్లు ఇస్తుంది. తర్వాత ఊరు అడుగుతుంది. ధర పుట్టేది ఆ తర్వాతే.

కోసిగి అంటే ఒక ధర. ఆ వచ్చినవాళ్లు వానలు లేక సుగ్గికి పోయి, పరాయి చేలల్లో మిరపకాయలు తెంపి వచ్చినవాళ్లయితే అందులోనూ తగ్గుతుంది. ఆదోని అంటే కొంచెం పైకి. కర్నూలు అంటే ఇంకొంచెం. బెంగళూరు అన్నారంటే అదే చీరకు రెక్కలు మొలుస్తాయి. నూలు అదే, రంగు అదే, అంచు అదే. మారింది కొనేవాళ్ల ఊరు మాత్రమే. ఎమ్మిగనూరు నేత వీధిలో ఇదేమీ దాపరికం కాదు. గంగాదేవి అత్త అట్లే అమ్మింది, ఆ అత్తకు అత్త కూడా అట్లే అమ్మింది. ధర చీటీ మీద రాసి అంటించే అంగళ్లు ఎన్ని వచ్చినా గంగాదేవి మారలేదు. రాసిపెట్టిన ధరకు కళ్లుండవని ఆమె అంటుంది.

ఊరు దాచేవాళ్లు లేకపోలేదు. పోయిన ఎండాకాలం ఒకామె వచ్చింది. తల మీద కొంగు, చేతిలో గోనెసంచి. తనది కోసిగి అని చెప్పింది. గంగాదేవి చీరలు పరిచింది, వాటితోపాటు నాలుగు మాటలు పరిచింది, మధ్యలో ఆమె కాళ్ల వైపు ఒకసారి చూసింది. కోసిగి నేల మీద నడిచిన మడమ ఎలా ఉంటుందో గంగాదేవికి తెలుసు. ఈ మడమలు అప్పుడే దించిన పూరీల్లా ఉన్నాయి. పరిచిన చీరలన్నీ మడతపెట్టి మళ్లీ దొంతరలో పెట్టింది. చెంబు నింపి మళ్లీ నీళ్లు ఇచ్చింది. అప్పుడే గడప తొక్కిన మనిషిని అడిగినట్టు మళ్లీ అడిగింది, “ఏ ఊరమ్మా మీది?” అని.

ఆమె నీళ్లతోపాటు సిగ్గు కూడా మింగి బెంగళూరు అంది. బెంగళూరు ధరే పడింది. అబద్ధమాడినందుకు పైన వేసిందీ లేదు, నిజం ఒప్పుకున్నందుకు తగ్గించిందీ లేదు. ఆ ఇంటి పద్ధతి అది. తప్పు ఊరు చెప్పినవాళ్లను తరమరు, తిట్టరు. ఆ నోటితోనే సరైన ఊరు చెప్పిస్తారు. చెప్పేదాకా దొంతరలోంచి చీర దిగదు.

నాగలదిన్నె నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి గంగాదేవి చదువు రెండో తరగతి. అక్కడి పంతులు బడికి రావడం కంటే మానడమే ఎక్కువ కాబట్టి ఒకటో తరగతి అనుకున్నా తప్పులేదు. మొగుడు రామలింగప్ప చేతిలో నేత ఉండేది గానీ నోట్లో మాట ఉండేది కాదు. ఎవరైనా చీర ఎంత అని అడిగితే చాలు, ఆ మనిషి కాళ్లాడించే మగ్గం గుంతలోకి ఇంకొంచెం దిగబడేవాడు. ఆయన నేసేవాడు, ఆమె అమ్మేది. మూడు మగ్గాల ఇల్లు అలా నడిచింది. మిల్లు చీరలు వచ్చి ఒక మగ్గాన్ని తిన్నాయి. రామలింగప్ప పోతూ ఒకదాన్ని తీసుకుపోయాడు. మిగిలిన ఒక్కదాని మీద మోకాళ్లు వంగినన్నాళ్లు గంగాదేవే కూర్చుంది. మోకాళ్లు మొండికేశాక కూలికి నేసే ఓబుళేశును పెట్టుకుంది. ఆ ఓబుళేశు కూతురి దగ్గర ఉంటానని రాయచోటికి వెళ్లిపోయాడు. మగ్గం ఖాళీగా నిలబడింది.

ఇంట్లో ఒక వస్తువు ఖాళీగా నిలబడితే అల్లుడి కళ్లు ఊరుకుంటాయా?

అల్లుడి పేరు బసవరాజ్. ఊరు ఆదోని. ఇల్లరికం వచ్చాడు. పెద్ద చదువు చదివాడని చెప్పుకుంటారు, ఆ చదువు ఎక్కడ పెట్టి మరిచిపోయాడో ఎవరికీ తెలియదు. సెల్‌ఫోన్ల అంగడిలో చేరాడు, నిలబడితే కాళ్లు లాగుతున్నాయని మానేశాడు. ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చునే పని దొరికింది, దుమ్ము పడదని వచ్చేశాడు. సిమెంటు ఫ్యాక్టరీలో దుమ్ముంటుందని ఆ పెద్ద చదువులో ఎవరూ చెప్పినట్టు లేదు. సంపాదించేది గంగాదేవి కూతురు పవిత్ర. ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది, ఇంటికి వచ్చి అమ్మకూ మొగుడికీ మధ్య మాటలు మోస్తుంది.

ఆ మోత ఊరికే అన్న మాట కాదు. అత్త అల్లుడి ముఖం చూసి మాట్లాడకూడదని గంగాదేవి పుట్టింటి కట్టుబాటు. ఆ కట్టుబాటును ఆ ఇంట్లో పెళ్లినాటి నుంచీ ఉప్పుజాడీలా కాపాడుకుంటూ వచ్చారు. బసవరాజ్ రెండు బారల దూరంలో కూర్చుని సంగటి తింటూ ఉన్నా గంగాదేవి కూతురితోనే అంటుంది, ఆయప్పకు ఇంకొంచెం పచ్చడి కావాల్నేమో అడుగు అని. బసవరాజ్ కూడా పెళ్లాంతోనే అంటాడు, చాలని చెప్పు అని. పవిత్ర బడికి వెళ్లిన పూట గంగాదేవి పిల్లితో చెబుతుంది. ఆ పిల్లి అల్లుడి కంటే మెరుగు. చెప్పింది విని కనీసం చెవులైనా కదిలిస్తుంది.

పోయిన ఉగాది నాడు పవిత్ర ఒక మాట మోసుకొచ్చింది. మగ్గం విప్పేసి, గుంత పూడ్చి, ఆ గదిలో నాలుగు కంప్యూటర్లు పెడతాడట. పిల్లలు, కుర్రాళ్లు వచ్చి గంటకింత అని ఇచ్చి ఆటలు ఆడుకుంటారట. ఆటల కోసం కొలువు మానేవాళ్లను చూసింది గానీ ఆటలనే కొలువు చేసుకునేవాడిని గంగాదేవి అప్పటిదాకా చూడలేదు. కూతురి ముఖం చూసింది. పదేళ్లుగా ఆ ముఖం బడి జీతంతో, మొగుడి సాకులతో నలుగుతోంది.

సరే అంది, కానీ ఒక కట్టు పెట్టింది. మగ్గం కొయ్యలు అటక మీదే ఉంటాయి, అమ్మడానికి లేదు. దీపావళి నాటికి ఆ నాలుగు పెట్టెల ముందూ బేరం ఉంటే గది అల్లుడిది, ఆ కొయ్యలను పొయ్యిలో పెట్టినా తాను అడగదు. బేరం లేకపోతే గుంత మళ్లీ తవ్వాలి, మగ్గం మళ్లీ దిగాలి. పక్క వీధి హులిగెమ్మ నేతలో మంచి చేయి. దీపావళి తర్వాత మగ్గం నిలబెడితే వచ్చి నేస్తానని, లేకపోతే కోడుమూరులో పని చూసుకుంటానని ఆమె ముందే చెప్పింది. గంగాదేవికి ఆ గది అంటే గోడలు కాదు. ఈ ఇంట్లో నేసిన చీరను ఈ ఇంట్లో అమ్మే రోజులు ఇంకా ఉన్నాయా, చెల్లిపోయాయా అనేది ఆ గుంతను బట్టే తేలాలి.

రామలింగప్ప కాళ్లు ఆడిన గుంతలో మట్టి పోశారు. పైన సిమెంటు పూశారు. గుమ్మానికి ‘బసవ గేమ్ జోన్, ఎమ్మిగనూరు’ అని మెరుపుల బోర్డు వేలాడింది.

నిజం చెప్పాలంటే అంగడి నడిచింది. సాయంత్రమైతే గుమ్మం ముందు చెప్పులు గుట్ట పడేవి. లోపల కార్లు ఢీకొనేవి, తుపాకులు పేలేవి. గంగాదేవి తన చీరల దగ్గర కూర్చుని ఆ చప్పుడు వినేది. మగ్గం చప్పుడుకు ఒక లెక్క ఉంటుంది, ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతుందో చెవికి తెలుస్తుంది. ఈ చప్పుడు కుక్కల కొట్లాటలా ఉండేది.

అల్లుడికి మాత్రం కాళ్లు నేల మీద నిలబడలేదు. ఒకరోజు అన్నం దగ్గర తన తెలివి పెళ్లాంతో చెబుతున్నట్టు అత్తకు వినిపించాడు. ఆ ఆటలు ఊళ్లో దొరికేవి కావు. నెట్‌లోనే ఒక పెద్ద అంగడి ఉంది. దుడ్లు కడితే ఆట తంతి మీద వచ్చి కంప్యూటర్లో దిగుతుంది. ఆ అంగడివాడు ఒక్కో దేశానికి ఒక్కో ధర పెడతాడు. అమెరికాకు ఎక్కువ, మనకు తక్కువ, అర్జెంటీనా అనే దేశానికి మరీ తక్కువ. ఆ ఆటను ఆ దేశంలో ఉన్నవాళ్లే కొనాలి, అక్కడే ఆడాలి. అయితే కంప్యూటర్‌కు ఒక ముసుగు ఉంది. అది తగిలిస్తే ఎమ్మిగనూరులో కూర్చున్న కంప్యూటర్ అర్జెంటీనాలో కూర్చున్నట్టు ఆ అంగడివాడికి కనిపిస్తుంది. బసవరాజ్ నాలుగు కంప్యూటర్లకు నాలుగు ఖాతాలు తెరిచి, నాలుగింటిలోనూ తనది అర్జెంటీనా అని రాశాడు. ముప్పై ఆటలు పావు ధరకు దించాడు.

చెప్పి గర్వంగా మజ్జిగ తాగాడు. గంగాదేవి కూతురిని ఒక్కటే అడిగింది, “మనకు తగ్గించే ఇచ్చినారా లేదా?”

“ఇచ్చినారు మా. అమెరికావాళ్ల కంటే శానా తక్కువే.”

“చూస్తివా. కోసిగి ధర ఇచ్చినాక కూడా గోనెసంచి పట్టుకోని పోయినాడు.”

బసవరాజ్‌కు మడమల సంగతి తెలియదు కాబట్టి ఆ మాట అర్థం కాలేదు. పవిత్రకు అర్థమై, నవ్వు ఆపుకోవడానికి గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

దసరా వచ్చింది. నేత ఇళ్లలో మహర్నవమి నాడు మగ్గానికి పూజ. నాడెకు పసుపు, అచ్చుకు కుంకుమ, గుంత గట్టు మీద దీపం. ఈ ఏడు ఆ గదిలో మగ్గం లేదు. అయినా పూజ తప్పకూడదని గంగాదేవి పట్టు పట్టింది. ఆ నేల ఏనాడూ పూజ లేకుండా నవమి దాటలేదు. నేల మీద మగ్గం కూర్చుందా, దయ్యం కూర్చుందా అనేది చౌడేశ్వరమ్మ చూసుకుంటుంది.

బసవరాజ్‌కు ఈసారి పండగ మీద ఎక్కడలేని భక్తి పుట్టింది. నాలుగు కంప్యూటర్లకూ విభూతి పట్టెలు పెట్టాడు, కుంకుమ బొట్లు దిద్దాడు, బంతిపూల దండలు వేశాడు. తెర మీద కార్లు పోతున్నాయి, తెర నుదుట బొట్టు మెరుస్తోంది. పవిత్ర హారతి ఇచ్చింది. గుమ్మంలో కుంకుమ నింపిన బూడిద గుమ్మడికాయ కొట్టారు. ఎర్రగా పగిలి మెట్ల మీద చెదిరింది. అదంతా, పైన మెరుస్తున్న బోర్డుతో సహా, ఫోన్‌లో బొమ్మ పట్టాడు బసవరాజ్.

బొమ్మ పట్టుకున్నవాడు దాచుకోవచ్చు, చుట్టాలకు పంపుకోవచ్చు. ఈయన దాన్ని తీసుకుపోయి ఎక్కడ పెట్టాడో వినండి. ఆ నెట్ అంగడిలో కొన్నవాళ్లకు ఒక్కొక్కరికీ ఒక పేజీ ఉంటుందట, అరుగులాంటిది. అందరూ వచ్చి చూసిపోతారట. ఆ పేజీ మీద ‘దేశం: అర్జెంటీనా’ అని రాసి ఉంది. సరిగ్గా దాని కింద, ఎమ్మిగనూరు బోర్డును, బంతిపూలను, పగిలిన గుమ్మడికాయను పెట్టాడు. ఆయుధపూజ శుభాకాంక్షలు అని కూడా రాశాడు.

ఎవరో చూశారు. చూసిన మహానుభావుడు ఊరుకోకుండా అంగడివాడికి చెప్పాడు. ఆదోనిలో ఆటల అంగడి పెట్టుకున్న ఒకడి మీద బసవరాజ్‌కు అనుమానం. కావచ్చు. కానీ తలుపు తీసిపెట్టి దొంగను తిట్టడం ఏ ఊరి తెలివో ఆయనకే తెలియాలి.

దసరా సెలవులు ఇంకా అయిపోలేదు. గుమ్మం ముందు చెప్పుల గుట్ట ఉన్న సాయంత్రమే నాలుగు తెరలూ ఒకేసారి ఆగిపోయాయి. కుర్రాళ్లు కాసేపు గోల చేసి, కట్టిన దుడ్లు వెనక్కి తీసుకుని వెళ్లిపోయారు. తెర మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంటే పవిత్ర చదివి చెప్పింది. మీరు చెప్పిన దేశంలో మీరు లేరని తెలిసింది, నిజంగా ఎక్కడ ఉంటారో రుజువుతో చెప్పండి, అంతవరకు మీ ఖాతాలకు తాళం.

గంగాదేవి నవ్విన నవ్వుకు పిల్లి లేచి అటక ఎక్కింది.

“ఏమే పవిత్రా, అర్జెంటీనాలో బూడిద గుమ్మడికాయ కాస్తాదా, ల్యాకుంటే ఈన్నుంచే తీసుకపోతారా? అడుగు ఆయప్పను.”

బసవరాజ్‌కు కోపం వచ్చింది. ఆయన అడిగింది అన్యాయంగా అడిగాడని కూడా చెప్పలేం. “మీ అమ్మ కోసిగామెకు ఒక ధర, బెంగళూరామెకు ఒక ధర పెడితే ఆచారమంట. వాళ్లు పెడితే నేను తల వంచల్లంట. తక్కువ ధర యాడుందో ఆడికి పోయి కొన్నా. తప్పేముండాది?”

“పోయింటే తప్పేముండాది? పోల్యా కదా. నా గుంత మీదనే కూచోని పోయినానంటాండాడు.”

ఆ అంగడివాడి మీద కూడా గంగాదేవికి గౌరవమేమీ లేదు. ఆమె రాత్రి కూతురితో చాలాసేపు చెప్పింది. దేశం మొత్తానికి ఒకే ధర పెట్టేవాడు వ్యాపారే కాదని ఆమె తీర్మానం. హైదరాబాద్‌లో కార్లో తిరిగేవాడికీ, కోసిగిలో కూలికి పోయేవాడి కొడుక్కీ ఒకే ధర వేస్తే, అది ఊరు చూసి వేసినట్టా, పటం చూసి వేసినట్టా? మనిషి ముందుకు రాడు, మడమ చూడడు, నీళ్లివ్వడు. నీ ఊరేదని కంప్యూటర్‌ను అడుగుతాడు. కంప్యూటర్ ముసుగేసుకుని అబద్ధం చెబుతుంది. ఆ వ్యాపారికి ఈ బేరగాడు సరిపోయాడని తేల్చేసి పడుకుంది.

అప్పటికి ఆమెకు అంతా తమాషాగానే ఉంది. దీపావళి దగ్గర పడుతోంది, నాలుగు పెట్టెలూ నల్లగా ఉన్నాయి. తాను ఒక్క మాట ఎత్తకుండానే గది తనకు వచ్చేలా ఉంది. హులిగెమ్మకు కబురు పంపింది, కోడుమూరు మాట కొన్నాళ్లు ఆపుకోమని.

బసవరాజ్ మాత్రం ఊరుకోలేదు. ఫోన్‌లో ఎవరెవరినో అడిగాడు. అర్జెంటీనాలో ఉంటున్నట్టు దొంగ రుజువు ఇప్పిస్తామనేవాళ్లు కూడా దొరికారట. ఇంక మిగిలింది ఆ గుమ్మడికాయ బొమ్మకు సాకు చెప్పడమే. తాటిచెట్టు ఎందుకు ఎక్కావంటే దూడ గడ్డి కోసమని చెప్పగల మనిషికి అదొక లెక్కా? ఒక ఆదివారం పొద్దున అంగడివాడికి జాబు తయారు చేశాడు. ఇంగ్లీషులో తప్పులుంటే దిద్దమని ఫోన్ పవిత్ర చేతికిచ్చి, గదిలోకి పోయి నల్లటి తెరల ముందు కూర్చున్నాడు.

గంగాదేవి పక్కనే చీరలకు మడతలు వేస్తోంది. పవిత్ర సగం చదివి ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. ఏమని అమ్మ గట్టిగా అడిగితే చెప్పింది.

“ఆ బొమ్మలో ఉండేది అత్తగారి ఇల్లంట. తాను పండగకు చూసిపోనీకి వచ్చినాడంట. ఉండేదంతా అర్జెంటీనాలోనేనంట. ఈ ఊరికీ తనకూ ఏ సంబంధమూ ల్యాదని రాసినాడు మా.”

చీర మీద గంగాదేవి చేయి ఆగిపోయింది.

అంగడివాడికి ఎన్ని అబద్ధాలు చెప్పినా ఆమె నవ్వింది. దొంగా దొంగా ఊళ్లు పంచుకుంటుంటే తనకెందుకు? కానీ ఇది వేరు. పదేళ్లుగా ఈ పొయ్యి మీద వండింది తిన్నాడు. రామలింగప్ప గుంతను మట్టితో పూడ్చి ఆ మట్టి మీద కూర్చున్నాడు. ఈ ఇంటి పిల్లతో తన పెట్టెలకు హారతి పట్టించుకున్నాడు. ముప్పై ఆటలు తిరిగి రావడం కోసం తాను దారిన పోతూ ఆగిన చుట్టాన్నని రాశాడు. బెంగళూరామె గోనెసంచి పట్టుకుని వచ్చినా తన ఊరిని దాచిందే గానీ తన ఇంటిని కాదనలేదు.

గంగాదేవి లేచింది. కొళాయి దగ్గర చెంబు నింపింది. అమ్మ ఎటు పోతోందో పవిత్రకు తెలిసిపోయి కొంగు పట్టుకుంది.

“మా, నిజం రాస్తే తాళం తీస్తారేమో. ఆటలు మొదలైతే నీ గది పోతాది. ఊరికే ఉండు, దీపావళి దాకా చూడు.”

“గది పోతే నాది పోతాది. ఊరు ల్యాని మొగుడుంటే నీది పోతాది. ఇడ్సు కొంగు.”

గుంత పూడ్చిన నాటి నుంచి పూజకు తప్ప ఆమె ఆ గదిలో అడుగు పెట్టలేదు. ఇప్పుడు పెట్టింది. బసవరాజ్ అత్తను చూసి లేచి, పవిత్ర వెనకాల వస్తోందేమోనని చూశాడు. పవిత్ర గుమ్మంలోనే నిలబడిపోయింది. గంగాదేవి చెంబు ఆయన ముందు పెట్టింది. పెళ్లినాటి నుంచి మొదటిసారి అల్లుడి ముఖంలోకి చూసింది.

“ఏ ఊరప్పా మీది?”

ఆయన పెళ్లాం వైపు చూశాడు. ఇన్నేళ్లూ మాటలు మోసిన మనిషి ఈసారి మోయలేదు. “ఊరికే రాసినా అత్తా, ఖాతా కోసం…” అని ఏదో అనబోయాడు.

గంగాదేవి చెంబు తీసుకుంది. అందులో నీళ్లు గుమ్మం బయట పారబోసి, కొళాయి దగ్గరికి పోయి మళ్లీ నింపి తెచ్చి, మళ్లీ ఆయన ముందు పెట్టింది. “ఏ ఊరప్పా మీది?”

“ఆదోని” అన్నాడు బసవరాజ్.

అది అబద్ధం కాదు. పుట్టింది అక్కడే. కానీ ఆమె చెంబు మళ్లీ చేతిలోకి తీసుకుంది. మోకాళ్లు పట్టేస్తున్నాయి, అయినా మూడోసారి కొళాయి దాకా నడిచింది. తిరిగి వచ్చేటప్పటికి ఆయన నుదుట చెమట పట్టి ఉంది. ఈసారి ఆమెకు అడిగే పని పడలేదు.

“ఎమ్మిగనూరు” అన్నాడు.

“అదే రాయండి.”

నీళ్లు తాగాడు. రాశాడు. పవిత్ర పక్కన నిలబడి ఇంగ్లీషు దిద్దింది, కరెంటు బిల్లు బొమ్మ రుజువుగా జత చేసింది. గంగాదేవి తన చీరల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆ జాబు పోయిందని తెలిశాక ఆమెకు నిద్ర సరిగా పట్టలేదన్నది ఆ ఇంట్లో పిల్లికి తప్ప ఎవరికీ తెలియదు. అటక మీద మగ్గం కొయ్యల వైపు చూసేది. నిజం చెప్పించినందుకు అవి పొయ్యిలోకి పోతాయేమో. పోతే పోనీ అనుకునేది. మళ్లీ చూసేది.

అంగడివాడి జవాబు వచ్చింది. పవిత్ర గట్టిగా చదివింది. ఊరు చెప్పినందుకు సంతోషం. తాళం తీశాం. మీ దేశం మార్చాం. ఇకనుంచి మీ దేశపు ధరకే కొనుక్కోవచ్చు. అర్జెంటీనాలో కొన్న ఆటలు మాత్రం అర్జెంటీనాలోనే ఆడతాయి. ఎప్పుడైనా అక్కడికి వెళితే ఆడుకోవచ్చు.

ముప్పై ఆటలూ ఖాతాలో ఉన్నాయి. పేర్లు కనిపిస్తాయి, బొమ్మలు కనిపిస్తాయి, నొక్కితే మాత్రం కదలవు. అద్దాల పెట్టెలో మైసూరుపాకులా ఉన్నాయి.

వాటిని మన దేశపు ధరకు మళ్లీ కొనడానికి బసవరాజ్ దగ్గర లేదు. పవిత్ర ఇవ్వనంది. ఆ మాట ఆమె నోట రావడం పెళ్లయ్యాక అదే మొదలు. ఏమీ కట్టకుండా ఆడేవి కొన్ని ఉంటే వాటిని దించాడు. అవి కుర్రాళ్ల ఫోన్లలో ముందే ఉన్నాయి. ఉన్నదాని కోసం ఎవరు చెప్పులు విప్పుతారు?

దీపావళి నాడు పొద్దున్నే తలంటి పోసుకుని గంగాదేవి ఆ గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మూడు కంప్యూటర్లు నల్లగా ఉన్నాయి. నాలుగోది వెలుగుతోంది. దాని ముందు బసవరాజ్ తానే కూర్చుని కారు తోలుతున్నాడు. ఒకటి ఆడుతోంది కదా అన్నట్టు అత్త వైపు చూశాడు.

“పవిత్రా, ఆయప్పకు చెప్పు. మిఠాయి అంగడోడే మిఠాయి తింటే దాన్ని బేరమనరు అని.”

పవిత్ర చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. బసవరాజ్ కారును గోడకు గుద్ది, స్విచ్ ఆపేశాడు.

పండగ దాటిన మర్నాడు గడ్డపార తెచ్చారు. కూలివాడిని పెడదామని పవిత్ర అంది. పూడ్చిన చేయే తవ్వాలని గంగాదేవి అంది. సిమెంటు పెళ్లలు పెళ్లలుగా లేచింది. ఎర్రగుంట్లలో దుమ్ము పడని మనిషి తలనిండా అదే దుమ్ము. దాని కింద మట్టి ఇంకా గట్టిపడలేదు. హులిగెమ్మ వచ్చి అటక మీది కొయ్యలు దించి, చెదలు పట్టిందేమోనని ఒక్కొక్కటి తట్టి చూసింది. పట్టలేదు. కంప్యూటర్లు నాలుగూ వరండాలో గోనెపట్టా కింద ఉన్నాయి, నవమి నాటి కుంకుమ బొట్లు ఇంకా అలాగే ఉన్నాయి.

నడుము లోతు తవ్వే వేళకు ఒకామె చీరలకని వచ్చింది. గంగాదేవి చెంబుతో నీళ్లిచ్చింది. నోరు తెరవబోయేంతలో లోపల గుంతలోంచి గొంతు వినిపించింది, “ఏ ఊరమ్మా మీది?” అని.

వచ్చినామె ఎవరడిగారో అర్థంగాక నేల వైపు చూసింది. తనది నందవరమని ఆ నేలకే చెప్పింది. గంగాదేవి ఆమె మడమలు చూసింది. నందవరమే. చీరలు పరుస్తూ, గది వైపు తల తిప్పకుండా కూతురిని పిలిచింది.

“పవిత్రా, గడ్డపార చప్పుడు ఆగింది. గుంత ఇంకా జానెడు దిగల్లని ఆయప్పకు చెప్పు. ఊళ్లు అడిగేది నేను చూసుకుంటా.”